గులాబి తేనీరు: కాచరాదు, నాననీయవలెను

మూడేళ్ళ క్రితము, ఎండలు ముదిరిన రోజులలో ఒక గృహిణి నా వద్దకు వచ్చినది. వయస్సు నలభై దాటినది. అరచేతులు, అరికాళ్ళు, కళ్ళు మంటలు. రాత్రులందు నిద్ర సరిగా పట్టదు. రోజుకు ఐదారుసార్లు టీ త్రాగుట ఆమెకు అలవాటు. "సాయంకాలము టీ మానివేసి, దాని బదులు గులాబి రేకుల తేనీరు త్రాగు తల్లీ" అని చెప్పి పంపినాను.

నాలుగవ నాడు భర్త ఆమెను వెంటబెట్టుకొని వచ్చినాడు. వాంతులు, కడుపులో త్రిప్పు, తల తిరుగుట. విచారింపగా సంగతి తెలిసినది. ఇంటిలో జరిగిన శుభకార్యమునకు వచ్చిన పుష్పగుచ్ఛములలోని గులాబీల రేకులు త్రుంచి, అరగంటసేపు మరగించి, ఆ నీటిని రెండు పూటలా త్రాగినదట. ఆ పూలపై చల్లిన మందు మీదనే నా అనుమానము పోయినది. వెంటనే ఆసుపత్రికి పంపినాను. రెండు రోజులలో కోలుకొన్నది. అయినను తప్పు ఆమెది కాదు, నాది. గులాబి అని చెప్పినానే గాని ఏ గులాబియో, ఎట్లు చేయవలెనో చెప్పలేదు. ఆనాడు చెప్పవలసియుండి చెప్పని మాటలే ఈ వ్యాసము.

ఏ గులాబి?

గులాబిని మన గ్రంథములలో శతపత్రి, తరుణి అని వ్యవహరించినారు. ఇది శీతగుణము కలది, లఘువు, పాచనము, వర్ణ్యము, హృద్యము అని భావప్రకాశములో ఉన్నది. అనగా చలువ చేయును, తేలికగా అరుగును, దేహకాంతికి, మనస్సుకు హితమైనది. హృద్యము అను మాటను చూచి ఇది గుండెజబ్బుకు మందు అని భ్రమపడరాదు. గుండెజబ్బు ఉన్నవారు తమ మాత్రలు మానరాదు.

తేనీటికి పనికివచ్చునది పన్నీరు గులాబి, లేదా మన పెరళ్ళలో పెరుగు నాటు గులాబి. పువ్వు చిన్నది, రేకులు పలుచన, వాసన ఘాటు. అంగడిలో పొడుగాటి కాడలతో అమ్ము గులాబీలు వేరు. హోసూరు, బెంగళూరు పరిసరములలో పాలీహౌసులలో పెంచు ఆ పూలను అందమునకు, వారము రోజులు వాడకుండుటకు పెంచుదురు గాని తినుటకు కాదు. చీడపీడలకై వాటిపై మందులు పలుమార్లు చల్లుదురు. మొక్కలోనికి ఇంకిపోవు మందు ఎంత కడిగినను పోదు. దండలలోని పూలకు, దేవాలయము నుండి తెచ్చిన పూలకు కూడ ఇదే మాట వర్తించును.

కావున ఇంటిలో ఒక కుండీ పెట్టుకొనుట ఉత్తమము. కడియపులంక వంటిచోట్ల నర్సరీలలో నాటు గులాబి అంట్లు దొరకును. నర్సరీలోనూ మందులు చల్లుదురు గనుక, తెచ్చిన తరువాత మొదటి రెండు మూడు నెలల పూలను వాడక, ఆ తరువాత పూచిన వాటినే వాడవలెను. పురుగు పట్టినచో వేపగింజల కషాయము చల్లవచ్చును; చల్లిన వారము రోజులు పూలు కోయరాదు.

ఎందుకు కాచరాదు?

నేను గురుకులములో చదువుకొను రోజులలో ఒకనాడు గులాబి రేకులను కుండలో వేసి, మూత లేకుండ మరగించుచుంటిని. పెరటి నుండి వచ్చిన మా గురువుగారు గుమ్మములోనే నిలిచి, "ఇల్లంతా పన్నీరు చల్లితివి. రోగికేమి మిగిల్చితివి?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నలో పాఠమంతా ఉన్నది.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో గులాబి అత్తరు, పన్నీరు తీయు పద్ధతిని గమనింపుడు. రాగి పాత్రలో రేకులు, నీరు పోసి, మూతిని మట్టితో మూసి, క్రింద మంట పెట్టుదురు. ఆవిరి వెదురు గొట్టము గుండా పోయి, నీటిలో ఉంచిన మరొక పాత్రలో చల్లబడును. పరిమళమంతా ఆ ఆవిరిలోనే పోవును. మనము మూత లేకుండ కాచినచో జరుగునది అదే. ఆవిరిని పట్టు పాత్ర మాత్రము మనకు లేదు. వాసన వంటింటి పాలగును, గ్లాసులో వగరు మిగులును.

శార్ఙ్గధరుడు ఈ భేదమును స్పష్టముగా చెప్పినాడు. గట్టి వేళ్ళను, బెరడులను పదహారు రెట్ల నీటిలో కాచి ఎనిమిదవ వంతుకు దించునది క్వాథము. వేడినీటిలో ద్రవ్యమును వేసి, పిసికి వడగట్టునది ఫాంటము. చన్నీటిలో రాత్రియంతా నానబెట్టునది హిమము. సుకుమారమైన పువ్వుకు ఫాంటము గాని హిమము గాని తగును. ఫాంటమునకు ఆయన చెప్పిన కొలత ఒక వంతు ద్రవ్యమునకు నాలుగు వంతుల నీరు. అది ఔషధమాత్ర. ఇంటిలో పానీయముగా త్రాగుటకు అంత గాఢత అక్కరలేదు.

చేయు విధానము

సూర్యోదయమునకు ముందు, మంచు ఆరకమునుపే పూలు కోయవలెను. ఎండ ఎక్కిన కొలది పరిమళ తైలము తగ్గును. రేకులు విడదీసి, పురుగులు లేకుండ చూచి, రెండు నీళ్ళలో కడుగవలెను. రేకు అడుగున ఉండు తెల్లని భాగము చేదు. దానిని గోటితో త్రుంచివేయవలెను.

ఒక గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్ల నీటిని మరగించి దించి, ఒక నిమిషము ఆగవలెను. అందులో నాలుగైదు నాటు గులాబీల రేకులు, సుమారు 10 గ్రాములు వేసి, వెంటనే మూత పెట్టి, ఏడెనిమిది నిమిషములు కదపక ఉంచి వడగట్టవలెను. మూత లోపలి నీటి బిందువులను కూడ గ్లాసులోనికే విదిలింపుడు. పరిమళము వాటిలో ఉన్నది. ఎండు రేకులైనచో రెండు గ్రాములు చాలును. పాత్ర స్టీలుది, గాజుది, లేక మట్టిది కావలెను. ఇనుప పాత్రలో వగరు వలన నీరు నల్లబడును.

తీపి కావలసినవారు కొద్దిగా పటికబెల్లము వేసికొనవచ్చును. తేనె కలుపదలచినచో గోరువెచ్చగా చల్లారిన తరువాతనే కలుపవలెను. నాలుగు చుక్కల నిమ్మరసము వేసినచో వెలిసిన రంగు ఎఱ్ఱబారును. పిల్లలు దానిని వింతగా చూతురు.

వేసవిలో హిమము మేలు. కాచి చల్లార్చిన నీటిలో రాత్రి రేకులు వేసి, మూతపెట్టి, ఉదయము వడగట్టి త్రాగవలెను. దానిని మధ్యాహ్నము వరకు నిలువ ఉంచరాదు.

పూలు ఎక్కువగా పూచిన రోజులలో రేకులను నీడన, పలుచని గుడ్డపై ఆరబెట్టవలెను. చేత నలిపినప్పుడు గలగలమని పొడియైనచో గాజుసీసాలో పోయవచ్చును. మెత్తగా ఉన్నచో బూజు పట్టును. బూజు వాసన వచ్చినదానిని ఏమాత్రము ఉపేక్షింపక పారవేయవలెను.

జాగ్రత్తలు

రోజుకు ఒకటి రెండు గ్లాసులు చాలును. ఇందులో వగరు ఉన్నది గనుక భోజనముతో త్రాగరాదు. తిన్న ఇనుము ఒంటపట్టకుండ అడ్డుపడును. రక్తహీనత ఉన్నవారు భోజనమునకు గంట ఎడము ఉంచవలెను. పూల పుప్పొడికి తుమ్ములు, ఆయాసము వచ్చువారు, గర్భవతులు వైద్యుని అడుగక త్రాగరాదు. మధుమేహరోగులు తీపి లేకుండ త్రాగవలెను. గులాబితో చేసినదే గదా అని గుల్కందు తినరాదు, దానిలో సగమునకు పైగా పంచదారయే.

ఆ గృహిణి ఇంటి మేడమీద ఇప్పుడు రెండు కుండీలలో నాటు గులాబి పూయుచున్నది. సాయంకాలము టీ వేళకు ఫాంటము, మొత్తము మీద టీ రోజుకు రెండుసార్లే. మంటలు చాలవరకు తగ్గినవి, నిద్ర పట్టుచున్నది. గులాబితోబాటు టీ తగ్గించుటకు కూడ అందులో భాగమున్నది. నేను మాత్రము ఆనాటి నుండి ఏ పువ్వు పేరు చెప్పవలసివచ్చినను, "అది మీకు ఎక్కడ దొరకునమ్మా?" అని అడిగిన తరువాతనే మోతాదు చెప్పుచున్నాను.