ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ – అర్థంలో తేడా ఉందా?



ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ దగ్గర ఉర్లా అనే పారిశ్రామిక వాడ ఉంది. అక్కడ ఉక్కు రోలింగ్ మిల్లులు ఎన్నో ఉన్నాయి. అటువంటి చోట ఒక డ్రమ్ము మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉందనుకోండి. కొత్తగా పనిలో చేరిన యువకుడు దాన్ని చదివాడు. ‘ఇన్‌విజిబుల్ అంటే కనిపించనిది, ఇన్‌కరెక్ట్ అంటే సరికానిది. కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది’ అనుకుని, పక్కనే వెల్డింగ్ మొదలుపెట్టాడు. ఏమవుతుందో మీరే ఊహించండి!

అతని తర్కం బాగానే ఉంది. కానీ మాటను విడదీయడంలో పొరపాటు జరిగింది.

ఈ పదం ‘ఇన్’ ప్లస్ ‘ఫ్లేమబుల్’ కాదు. ‘ఇన్‌ఫ్లేమ్’ ప్లస్ ‘ఏబుల్’. ఇన్‌ఫ్లేమ్ అంటే మంట పెట్టడం. దీని మూలం లాటిన్ పదం ‘ఇన్‌ఫ్లమారె’. ఇక్కడి ‘ఇన్’కు ‘లోపల’, ‘లోనికి’ అని అర్థమే గాని, ‘కాదు’ అని అర్థం లేదు. అందువల్ల ఫ్లేమబుల్ అన్నా, ఇన్‌ఫ్లేమబుల్ అన్నా సులువుగా అంటుకునేది అనే అర్థం.

ఇది వింతగా తోస్తోందా? మన భాషలో ‘వి’ అనే ఉపసర్గను చూడండి. ‘విరూపం’లో రూపం చెడింది. ‘విశుద్ధం’లో మాత్రం శుద్ధి చెడలేదు, ఇంకా పెరిగింది. ఉపసర్గ ఒకటే, పని వేరు.

రెండింటిలో ‘ఇన్‌ఫ్లేమబుల్’ పాత పదం. ప్రజలు పొరపడతారనే భయంతో 1920లలో అమెరికాలోని జాతీయ అగ్నిమాపక రక్షణ సంఘం ‘ఫ్లేమబుల్’ అనే వాడమని ప్రోత్సహించింది. మన దేశంలో పాత పదం చట్టం పేరులోనే ఉంది: 1952 నాటి ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టెన్సెస్ చట్టం. కాబట్టి మీరు రెండూ తెలుసుకోక తప్పదు.

మరి తేడా ఏమీ లేదా? వాడుకలో కొంత ఉంది. ముక్కోపి స్వభావాన్ని, ఉద్రిక్త పరిస్థితిని చెప్పేటప్పుడు ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటారు. అక్కడ ‘ఫ్లేమబుల్’ నప్పదు. హెచ్చరిక రాయాలంటే మాత్రం ‘ఫ్లేమబుల్’ మేలు.

గుర్తుంచుకోండి: మండనిది అని చెప్పడానికి సరైన మాట ‘నాన్‌ఫ్లేమబుల్’. మాట విషయంలో సందేహం వస్తే గుర్తు చూడండి. ఎర్రని డైమండ్ ఆకారంలో మంట బొమ్మ, కింద 3 అంకె ఉంటే అది అంటుకునే ద్రవం.

అభ్యాసం: పెట్రోలు, నీరు, స్పిరిట్ – వీటిలో నాన్‌ఫ్లేమబుల్ ఏది? మిగిలిన రెండింటినీ ఏయే పదాలతో చెప్పవచ్చు?