తూకంలో కనబడేది ద్రవ్యరాశా, భారమా?

మేము సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "ఇక్కడ కొలిచి పోసినవి 200 లీటర్లు. శీతలీకరణ కేంద్రం రసీదులో 206 కిలోలని ఉన్నది. ఈ రెండింటిలో ఏ లెక్క నిజం?" రెండూ నిజమే. లీటరు పాలు ఆక్రమించే చోటును తెలుపుతుంది. కిలో పాల పదార్థం ఎంత ఉన్నదో తెలుపుతుంది. కాటా మీద పడే ఒత్తిడి మూడవ సంగతి, దానిని భారం అంటారు. ఈ మూడింటిని వేరుచేసి తెలుసుకుంటే సంఘంలో అనవసరపు అనుమానాలు తగ్గుతాయి, అవసరమైన అనుమానం వేళకు కలుగుతుంది.

ఒక వస్తువులో ఉన్న పదార్థ పరిమాణమే ద్రవ్యరాశి. దీనిని కిలోగ్రాములలో చెబుతారు. క్యానులో పాలు పోయక, తీయక ఉన్నంతవరకు దాని ద్రవ్యరాశి ఏ ఊళ్ళోనైనా ఒక్కటే. చక్రాల బండి మీద ఖాళీ క్యాను పెట్టి తోస్తే సులువుగా కదులుతుంది. నిండు క్యాను పెడితే ముందు కదలనని మొరాయిస్తుంది, కదిలిన తరువాత ఆగనంటుంది. ఈ మొండితనం ద్రవ్యరాశి లక్షణం.

ఆ పదార్థాన్ని భూమి తన వైపు లాగే బలమే భారం. క్యాను ఎత్తేటప్పుడు మన చేతికి తెలిసేది ఇదే. బలం గనుక దీనిని న్యూటన్లలో చెబుతారు. ఒక కిలో ద్రవ్యరాశిని భూమి సుమారు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది. చంద్రుని ఆకర్షణ ఇందులో ఆరో వంతు మాత్రమే. మన క్యానును అక్కడికి చేర్చగలిగితే ఎత్తడం తేలికవుతుంది గాని లోపలి పాలు ఒక్క చుక్క కూడా తగ్గవు.

చంద్రుని దాకా పోనక్కరలేదు. భూమి మీదనే ఈ లాగుడు అన్నిచోట్లా సమానంగా లేదు. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిస్ లెక్కకు సరిచేసిన లోలకపు గడియారం భూమధ్యరేఖకు సమీపంలోని కయెన్‌లో రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనుకబడడం గమనించాడు. గడియారంలో లోపం లేదు, అక్కడ భూమి లాగే బలమే తక్కువ. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్లనూ, నడుము దగ్గర కొంచెం ఉబ్బి ఉండడం వల్లనూ ఈ తేడా వస్తుంది. ధ్రువాల వద్దకంటె భూమధ్యరేఖ వద్ద ఏ వస్తువు భారమైనా సుమారు అర శాతం తక్కువ.

ఇక మన కాటాల సంగతి. రెండు పళ్ళాల త్రాసులో ఒకవైపు పాలు, ఒకవైపు తూకపు రాళ్ళు ఉంటాయి. భూమి లాగుడు తగ్గితే రెండువైపులా ఒకేవిధంగా తగ్గుతుంది, ముల్లు కదలదు. అందుచేత త్రాసు ద్రవ్యరాశిని సరిపోల్చి చూపుతుంది. స్ప్రింగు కాటా అలా కాదు. అది లాగుడుకు సాగిన మేరకు అంకె చూపుతుంది. నేడు సంఘాలలో ఉన్న ఎలక్ట్రానిక్ కాటాలోనూ లోపలి లోహపు దిమ్మ బరువుకు లేశమంత వంగుతుంది. ఆ వంపును యంత్రం కిలోలుగా మార్చి చూపుతుంది. అనగా ఈ రెండు రకాలూ భారాన్ని గ్రహించి, ద్రవ్యరాశి పేరున అంకె చెబుతాయి. ఢిల్లీలో సరిచేసిన కాటాను అలాగే హైదరాబాదుకు తెచ్చి వాడితే 100 కిలోలకు సుమారు 80 గ్రాములు తక్కువ చూపుతుంది. కాటాను వాడే చోటనే సరిచేయించాలని మేము పట్టుబట్టడానికి కారణం ఇదే.

వెన్న పరీక్షలోనూ ఈ భేదం కనబడుతుంది. గెర్బర్ యంత్రం గిరగిర తిరిగేటప్పుడు గొట్టంలోని ద్రవం మీద పడే బలం మామూలు భారానికి సుమారు 350 రెట్లు ఉంటుంది. ఆ బలానికి బరువైన భాగం బయటి అంచుకు పోతుంది, తేలికైన వెన్న కాడ వైపు చేరుతుంది. ఇంత బలం పడినా వెన్న పరిమాణం పెరగదు, తరగదు. విడివడి కంటికి కనబడుతుంది, అంతే.

ఇప్పుడు 200 లీటర్ల లెక్కకు వద్దాము. లీటరు మంచి పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కనుక 200 లీటర్లకు 206 కిలోలు రావడమే న్యాయం. ఆ 6 కిలోలు ఎవరి దయా కాదు, సభ్యుల పాలే. ఊళ్ళో 200 లీటర్లు, కేంద్రంలో 200 కిలోలు ఉంటే అంకెలు కలిశాయని సంతోషించేవారు ఉన్నారు. అక్కడే ఆగి అడగవలసి ఉన్నది. అంకెలు కలిసిన ఆ పూటే 6 కిలోలు తగ్గినట్లు.

కార్యదర్శులకు, పాలకవర్గాలకు మా సూచనలు ఇవి:

1. పుస్తకంలో ప్రతి అంకె పక్కన లీటరా, కిలోనా స్పష్టంగా రాయండి. లీటర్లను 1.03తో గుణించి కిలోలు, కిలోలను 1.03తో భాగించి లీటర్లు కట్టండి.

2. కాటాను కదలని, సమమైన గచ్చు మీద ఉంచండి. ప్రతి పూట పాల సేకరణకు ముందు ముద్ర ఉన్న తూకపు రాయిని సభ్యుల ఎదుట పెట్టి చూపండి.

3. ఖాళీ పాత్ర బరువు తీసివేసి, సున్నా కనబడిన తరువాతనే పాలు పోయించండి.

4. కాటాను మరమ్మతు చేయించినా, వేరే ఊరికి మార్చినా తూనికలు కొలతల శాఖ వారిచేత అక్కడే మళ్ళీ తనిఖీ చేయించి ముద్ర వేయించండి. ఏటా జరగవలసిన తనిఖీని గడువు దాటనీయవద్దు.

సభ్యులు కూడా తూకం వేళ కాటా అంకెను స్వయంగా చదువుకోవాలి. అర్థం కాని లెక్కను అక్కడికక్కడే అడగడం సభ్యుని హక్కు, వివరించి చెప్పడం కార్యదర్శి విధి.