మోకు విప్పుకున్న కణాలు

శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో పెద్దతరం ఆడవాళ్లు చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగేవారు. దీన్నే అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదని ఒక కారణం చెప్పేవారు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఈ అలవాటుకూ అంగిలి మీద వచ్చే మచ్చలకూ ఉన్న సంబంధాన్ని అది లెక్కలతో చూపింది. మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ తీరంలో అంత అరుదు కాకపోవడానికి కారణం ఈ అలవాటే.

ఈ తీరం నుంచి ఎన్నో కుటుంబాలు అండమాన్‌కు వలసపోయాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకే. ఇప్పుడు చుట్ట తగ్గినా ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ ఉండనే ఉన్నాయి. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురొడ్డున ఉన్న హోప్ టౌన్‌లోనైనా, ఇటు కళింగపట్నంలోనైనా నోటి కణానికి పొగాకు చేసే చెరుపు ఒక్కటే.

పొగాకు డీఎన్ఏ అక్షరాలను చెడగొడుతుందని చాలామందికి తెలుసు. రెండో చెరుపు గురించి అంతగా చెప్పుకోం. అందులో అక్షరాలన్నీ సవ్యంగానే ఉంటాయి, జన్యువు మాత్రం నోరు మూసుకుంటుంది.

నిజానికి జన్యువుల నోరు మూయడం శరీరానికి రోజువారీ పని. కాలేయ కణంలోనూ చర్మ కణంలోనూ ఉన్నది ఒకే డీఎన్ఏ. దేనికి అక్కర్లేని జన్యువులను అది మూసి ఉంచుకోబట్టే కాలేయం కాలేయంగా, చర్మం చర్మంగా ఉంటున్నాయి. జన్యువు మొదలయ్యే చోట సైటోసిన్ అనే అక్షరాలకు మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు గుమిగూడితే ఆ జన్యువును చదివే యంత్రాంగం అక్కడ ఆగిపోతుంది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద ఈజెడ్‌హెచ్2 వంటి ఎంజైములు పెట్టే గుర్తులదీ ఇదే పని. కణం రెండైనప్పుడు ఈ గుర్తులు కూడా పిల్ల కణాలకు సంక్రమిస్తాయి. క్యాన్సర్ ఈ పద్ధతినే దొంగిలిస్తుంది.

దొంగిలించి ఏ జన్యువును మూస్తుంది? వ్యాప్తి విషయంలో ముందుగా చెప్పుకోవలసింది సీడీహెచ్1. పక్కపక్క కణాలను పట్టి ఉంచే ఇ-క్యాథరిన్ అనే ప్రోటీన్ దీని నుంచే తయారవుతుంది. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లలో ఈ జన్యువు మిథైల్ గుర్తుల వల్ల మూగబోతున్నదని గ్రాఫ్, హెర్మన్ బృందం 1995లో చూపింది. నోటి క్యాన్సర్లలోనూ ఇది కనబడింది. పట్టు సడలిన కణం గడ్డను వదిలి శోషరస నాళాల్లోకి దూరుతుంది. నోటి క్యాన్సర్ అయితే సాధారణంగా దాని మొదటి మజిలీ మెడలోని గ్రంథులే.

ఇక్కడే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే సంగతి ఉంది. వేరే అవయవంలో స్థిరపడిన గడ్డల్లో చాలాసార్లు ఇ-క్యాథరిన్ మళ్లీ కనిపిస్తుంది. హోప్ టౌన్ జెట్టీకి కట్టిన పడవను తలచుకోండి. మోకు కోసేస్తే అవతలి ఒడ్డున కట్టుకోవడానికి ఏమీ మిగలదు. విప్పి పడవలో వేసుకుంటే అక్కడా అదే మోకు పనికొస్తుంది. జన్యువు అక్షరాలు తెగిపోవడం మొదటిది, మూగబోవడం రెండోది. వలసపోయే కణానికి రెండోదే లాభం. ఈ గుర్తులు వ్యాప్తి దశల్లో నిలకడగా ఉండవని గ్రాఫ్ బృందమే 2000లో చూపింది.

విప్పిన మోకును మనం మళ్లీ కట్టలేమా? 1964లో ప్రాగ్‌లో తయారైన అజాసిటిడిన్ అనే మందు మిథైల్ గుర్తులు పెట్టే ఎంజైమును పట్టి బంధిస్తుంది. ఈ మందు ఇచ్చిన ఎలుక కణాల్లో ఆ గుర్తులు తగ్గాయని, కొన్ని ఏకంగా కండర కణాలుగా మారాయని పీటర్ జోన్స్, షిర్లీ టేలర్ 1980లో ప్రకటించారు. ఒక రకం ఎముక మజ్జ జబ్బుకు అమెరికా 2004లో దీన్ని అనుమతించింది. గడ్డలు కట్టే క్యాన్సర్లలో మాత్రం ఇంత ఫలితం రాలేదు. ఏ జన్యువును తెరవాలో ఈ మందు ఎంచుకోలేదు, మూసి ఉండవలసినవాటినీ తెరవగలదు. పైగా దారిలో ఉన్న కణానికి ఇ-క్యాథరిన్‌ను తిరిగి ఇస్తే స్థిరపడటానికి సాయం చేసినట్టే అవుతుందేమోనన్న అనుమానమూ ఉంది. అందుకే ‘జన్యువుల్ని మేల్కొలిపే’ మాత్రలు, పొడులు అంటూ అమ్మేవారిని నేను నమ్మను.

పొగాకు నమిలేవారి నోట్లో తెల్లమచ్చలు పరీక్షిస్తే, కణ విభజనకు కళ్లెం వేసే పి16 అనే జన్యువు కొందరిలో అప్పటికే మూగబోయి ఉంటుంది. అంటే గడ్డ కంటికి కనబడకముందే పని మొదలైందన్నమాట. కాబట్టి మీ ఇంట్లో చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్నవారు ఉంటే ముందు మాన్పించండి. అద్దం ముందు నోరు తెరిచి అంగిలి, బుగ్గల లోపలి వైపు, నాలుక అడుగు చూసుకోమనండి. తెల్లని లేదా ఎర్రని మచ్చ పోకపోయినా, పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా, మెడలో గట్టి గడ్డ చేతికి తగిలినా నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా దంతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.