ఖాళీ రాడ్డూ బరువే

జిమ్‌లో డబ్బు కట్టి వచ్చిన కొత్త కుర్రాడు మొదటిరోజు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఎంత వెయిట్‌తో స్టార్ట్ చెయ్యమంటావ్?" జవాబు ట్రైనర్ తీరికను బట్టి ఉంటుంది. తీరికుంటే నాలుగు విషయాలు అడిగి తెలుసుకుంటాడు. లేకపోతే ర్యాక్‌లో ఏదో ఒక డంబెల్స్ జత చూపించి, "పదిహేను కొట్టు" అని ఫోన్ చూసుకుంటాడు. మిగతా జ్ఞానమంతా పక్క బెంచీ మీది సీనియర్లూ, ఇన్‌స్టాగ్రామ్ రీల్సూ నింపుతాయి. అందులో కొంత నిజమూ ఉంది, చాలా ఊకదంపుడూ ఉంది.

అపోహ: ముందు మన మ్యాక్స్ ఎంతో తేల్చుకోవాలి. అందులో ఇంత శాతమని లెక్కేసి మొదలుపెట్టాలి.

శాతాల లెక్కలో తప్పు లేదు. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో చూసి, అందులో 60 నుంచి 70 శాతంతో సెట్‌కు 8 నుంచి 12 రెప్స్ చెయ్యమని కొత్తవాళ్లకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ కూడా 2009లో చెప్పింది. చిక్కల్లా ఆ నూరు శాతం దగ్గరే. కొత్తవాడికి అదెంతో తెలియదు, తెలుసుకున్నా నాలుగు రోజులు నిలవదు. స్క్వాట్ ఇంకా ఒంటికి పట్టుబడని మనిషి ఈ వారం 50 కిలోలు ఎత్తితే, కొద్ది వారాల్లో 60 ఎత్తినా ఆశ్చర్యం లేదు. ఆలోగా కండ పెద్దగా పెరిగి ఉండదు. తొలి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ భాగం నాడీ వ్యవస్థ పుణ్యమే. ఏ కండరాన్ని ఎప్పుడు, ఎంత బిగించాలో మెదడుకు అలవాటవుతుంది. మొరిటానీ, డివ్రీస్ అనే పరిశోధకులు 1979లోనే దీన్ని కొలిచి చూపించారు. రేపో మాపో మారిపోయే అంకె కోసం మొదటిరోజే నడుమును పణంగా పెట్టడం ఎందుకు?

మ్యాక్స్ జోలికి పోకుండా బరువు తేల్చుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో థామస్ డిలోర్మ్ అనే డాక్టర్, గాయపడి కాళ్లలో సత్తువ పోయిన సైనికులకు బరువులతో వ్యాయామం చేయించాడు. ఆయన కొలమానం సరిగ్గా పదిసార్లు ఎత్తగలిగే బరువు. తర్వాత ఆయన స్థిరపరచిన పద్ధతిలో ఆ బరువులో సగంతో ఒక సెట్, ముప్పాతికతో ఒక సెట్, పూర్తి బరువుతో ఒక సెట్ ఉండేవి. ఇవాళ మన జిమ్‌లలో వినిపించే "మూడు సెట్లు, పదేసి రెప్స్" వెనక ఆ సైనిక ఆసుపత్రి చేయి చాలానే ఉంది.

మనమూ అదే దారిన వెళ్లొచ్చు. డంబెల్ షోల్డర్ ప్రెస్ అనుకోండి. 5 కిలోల జత తీసుకుని 10 రెప్స్ చెయ్యండి. పదో రెప్ కూడా మొదటిదానంత చురుగ్గా పైకి వెళ్తే బరువు చాలనట్టే. రెండు నిమిషాలు ఆగి 7.5 జత పట్టుకోండి. ఈసారి ఏడో రెప్పుకో ఎనిమిదో రెప్పుకో వేగం మందగించింది. పది పూర్తయ్యేసరికి, తప్పదంటే ఇంకో రెండో మూడో లాగొచ్చు అన్నట్టుంది. అక్కడ ఆగిపోండి, ప్రస్తుతానికి మీ బరువు అదే. అలా కాకుండా ఆరో రెప్పుకే నడుము వెనక్కి వంగిపోయి, ఒక చెయ్యి ముందూ ఒక చెయ్యి వెనకా లేస్తుంటే ఆ జత తిరిగి ర్యాక్‌లో పెట్టెయ్యండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎవరూ చూడరు. జిమ్‌లో అందరూ అద్దంలో తమనే చూసుకుంటుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. "ఇంకో రెండు మిగిలాయి" అనే అంచనాలో కొత్తవాళ్లు తరచూ పొరబడతారు. మంట మొదలవగానే అయిపోయిందనుకుంటారు, నిజానికి ఇంకో ఐదారు రెప్స్ మిగిలే ఉంటాయి. అందుకే మొదటి నెలలో మంట కంటే వేగాన్నీ, భంగిమనూ నమ్ముకోవడం మేలు.

అపోహ: ఖాళీ రాడ్ లెక్కలోకి రాదు.

ఈ మాట పైకి ఎవరూ అనరు, కానీ చేతల్లో అందరూ పాటిస్తారు. ఎంత కొడుతున్నావని అడిగితే "రెండు వైపులా ఐదైదు" అంటారు. అది పది కిలోలు అనుకుంటే పొరపాటు. పోటీల్లో మగవాళ్లు వాడే ఒలింపిక్ బార్ 20 కిలోలు, ఆడవాళ్లది 15. అంటే ఆ "ఐదైదు" అసలు బరువు 30 కిలోలు. పైగా మన కాలనీ జిమ్‌లలో ఉండే రాడ్లన్నీ ఒలింపిక్ బార్లు కావు. సన్నవి, పొట్టివి, బైసెప్స్‌కు వాడే వంకరవి దేని బరువు దానిదే, పది కిలోల లోపువీ ఉంటాయి. వాటి మీద బరువు ముద్ర కూడా ఉండదు. స్మిత్ మెషీన్‌ది మరో తంటా. దాని రాడ్‌కు లోపల ఎదురు బరువు కట్టి ఉంటే చేతికి తగిలే భారం ఇంకా తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నది కంపెనీని బట్టి ఉంటుంది. కేబుల్ మెషీన్ల మీది అంకెలూ అంతే, కప్పీల అమరికను బట్టి ఒక జిమ్‌లో 30 అని ఉన్నది ఇంకో జిమ్‌లో 20లా అనిపిస్తుంది. అందుకే జిమ్ మారినప్పుడు పాత అంకెలు పట్టుకుని పోతే కుదరదు.

రాడ్ బరువు తెలుసుకోవడం మాత్రం తేలిక. జిమ్‌లో ఎలాగూ బరువు చూసుకునే మెషీన్ ఉంటుంది. ముందు ఉత్త చేతులతో ఎక్కండి, తర్వాత రాడ్ పట్టుకుని ఎక్కండి. తేడా ఎంతో రాడ్ అంత.

ఈ లెక్క సన్నగా ఉండేవాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు బాగా అవసరం. 45 కిలోల అమ్మాయి చేతికి 20 కిలోల బార్ ఇచ్చి "ప్లేట్లేమీ లేవు కదమ్మా, ఓవర్‌హెడ్ ప్రెస్ చెయ్యి" అంటే ఆమె ఒంటి బరువులో దాదాపు సగం తలపైకి ఎత్తమన్నట్టు. ఆమె అక్కడ డంబెల్స్‌తోనే మొదలుపెట్టాలి. డెడ్‌లిఫ్ట్‌లో చిక్కు వేరే రకం. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి బార్ నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కొత్తవాళ్లకు సరిపడే చిన్న ప్లేట్లు వేస్తే బార్ అంతకంటే కిందికి దిగుతుంది, దాన్ని అందుకునే తొందరలో నడుము గూనిలా వంగుతుంది. బరువు తగ్గించామని సంతోషిస్తూ పనిని కష్టం చేసుకున్నామన్నమాట. రెండు వైపులా కింద ఒకటి రెండు ప్లేట్లు పడుకోబెట్టి, వాటిమీద నుంచి ఎత్తితే సరి.

అపోహ: ఒంటి బరువును బట్టి మొదటి బరువు చెప్పెయ్యొచ్చు.

"70 కిలోలున్నావా, అయితే బెంచ్ ప్రెస్ 35తో మొదలుపెట్టు" అని చార్టులు తిరుగుతుంటాయి. మార్కెట్ యార్డులో రోజంతా బస్తాలు మోసే హమాలీ 70 కిలోలే ఉండొచ్చు, పదేళ్లుగా కుర్చీ దిగని సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ 70 కిలోలే ఉండొచ్చు. చార్టు దృష్టిలో ఇద్దరూ ఒకటే. అంతేకాదు, ఒకే మనిషికి కూడా ఒక్కో కదలికకు ఒక్కో బరువు. 60 కిలోల డెడ్‌లిఫ్ట్ చేసేవాడికి లేటరల్ రెయిజ్‌లో 5 కిలోలు బరువనిపిస్తే అందులో వింతేమీ లేదు.

అపోహ: ఆడవాళ్లు రెండు కిలోల రంగు డంబెల్స్ దాటితే మగవాళ్లలా కండలు తిరుగుతాయి.

అన్ని అపోహల్లోకీ మొండిది ఇదే. వంటింట్లో నిండు గ్యాస్ సిలిండర్‌ను స్టవ్ దగ్గరికి జరిపేది ఎవరు? అందులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30కి అటూ ఇటూ. అది జరపగల చేతికి రెండు కిలోల డంబెల్‌తో ఒరిగేదేముంది? భారీ కండలు రావాలంటే ఏళ్ల తరబడి పట్టుబట్టి శిక్షణ చెయ్యాలి, అందుకు తగ్గ తిండి తినాలి. పైగా ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ మగవాళ్లలో ఉన్నదానిలో చిన్న భాగమే. పొరపాటున రాత్రికి రాత్రి కండలు రావు, వస్తే మగపిల్లలు ఇన్నేళ్లు ఎందుకు కష్టపడతారు?

శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. అయినా పాతికేళ్ల తర్వాత అదే జిల్లాలో పెళ్లికాని పిల్లకు "బరువులెత్తకే" అని చెప్పే అత్తలూ పిన్నులూ ఉన్నారు.

ఎముకలు గుల్లబారే వయసు వాళ్లకైతే బరువు మరీ తేలికైతే లాభం అంతంతే. ఆస్ట్రేలియాలో మెనోపాజ్ దాటి, ఎముకల సాంద్రత తగ్గిన స్త్రీలతో లిఫ్ట్‌మోర్ అనే ప్రయోగం జరిగింది. ఒక జట్టు ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసింది. రెండో జట్టు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, నిపుణుల కళ్లెదుట భారీ బరువులు ఎత్తింది. ఎనిమిది నెలల తర్వాత బరువులెత్తినవాళ్ల వెన్నెముక సాంద్రత పెరిగింది, ఇంట్లో చేసినవాళ్లది తగ్గింది. అయితే ఈ ప్రయోగాన్ని చెప్పేవాళ్లు తరచూ వదిలేసే ముక్క ఒకటుంది. భారీ బరువుల జట్టుకు కూడా మొదటి నెల తేలిక బరువులతో కదలికలు నేర్పించడంతోనే సరిపోయింది.

అపోహ: మర్నాడు మెట్లు దిగలేకపోతేనే బరువు సరిపోయినట్టు.

ఆ నొప్పి బరువు గురించి చెప్పేది తక్కువ. ఒంటికి కొత్త పని తగిలితే చాలు, తేలిక బరువుకైనా ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పులు ముదురుతాయి. అదే పని నాలుగుసార్లు చేశాక బరువు పెంచినా పెద్దగా నొప్పి ఉండదు. నొప్పి తగ్గిందని లాభం తగ్గినట్టు కాదు. భయపడాల్సింది వేరే ఉంది. మొదటిరోజే స్నేహితుల పందేలకు పోయి వందల కొద్దీ రెప్స్ లాగిస్తే కండ కణాలు చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడతాయి. కండరాలు వాచి, విపరీతంగా నొప్పెట్టి, మూత్రం కోలా రంగులోకి మారితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఆ రోజే. వేడిచేసిందని మజ్జిగ తాగి పడుకోవద్దు.

అపోహ: సైజు కావాలంటే భారీ బరువు, కట్స్ కావాలంటే తేలిక బరువు.

కట్స్ కనిపించేది ఒంట్లో కొవ్వు తగ్గితే, అది ఎక్కువగా కంచం దగ్గర తేలే విషయం. కండ మాత్రం తేలిక బరువుతోనూ పెరుగుతుంది, సెట్ చివర్లో నిజంగా కష్టపడితే. గరిష్ఠ బలం పెరగాలంటే భారీ బరువే మెరుగు. కొత్తవాళ్లు ఈ చర్చలో పడకుండా 8 నుంచి 12 రెప్స్ మధ్య ఉండడం మంచిది.

అపోహ: అరవై దాటాక బరువుల జోలికి పోకూడదు.

బోస్టన్‌లో 86 నుంచి 96 ఏళ్ల వయసున్న బలహీనులైన పెద్దవాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. 1990లో అచ్చయిన ఆ ఫలితాల్లో తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. ఈ వయసులో బరువు ఎంతన్న దానికంటే ఊపిరి ముఖ్యం. బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లూ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లూ ముందు డాక్టర్‌ను అడిగి, ఎత్తేటప్పుడు ఊపిరి వదిలే అలవాటు చేసుకుని, సెట్‌లో రెండు కాదు, నాలుగు రెప్స్ మిగిల్చి ఆగాలి.

అపోహ: వారం వారం బరువు పెంచకపోతే పెరుగుదల ఆగిపోయినట్టు.

పురాతన గ్రీకు మల్లయోధుడు మైలో రోజూ లేగదూడను ఎత్తుతూ పోయాడనీ, అది ఎద్దయ్యాక కూడా ఎత్తాడనీ ఒక కథ ఉంది. దూడ రోజూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. మన డంబెల్స్ అలా పెరగవు, 5 తర్వాత 7.5 వస్తుంది. అంకెల్లో రెండున్నర కిలోలే అయినా అది ఏకంగా 50 శాతం పెంపు. అనుకున్నదానికంటే ఒకటి రెండు రెప్స్ ఎక్కువ వస్తున్నప్పుడు 2 నుంచి 10 శాతం పెంచమన్నాయి పైన చెప్పిన 2009 నాటి అమెరికా మార్గదర్శకాలు. అందుకే ముందు రెప్స్ పెంచాలి. అదే బరువుతో 8 చేసేవాళ్లు మూడు సెట్లలోనూ 12కు చేరాక పై జత పట్టుకుని, మళ్లీ 8కి దిగొచ్చు. భుజాల వ్యాయామాల్లో ఇందుకు నెల పట్టినా కంగారు పడక్కర్లేదు.

రాడ్ మీదైతే పని ఇంకా సులువు. 1.25 కిలోల ప్లేట్లు రెండు వైపులా వేస్తే పెంపు రెండున్నర దగ్గర ఆగుతుంది. ఆ బుల్లి ప్లేట్లు ర్యాక్‌లో కనపడకపోతే కిటికీల దగ్గర వెతకండి. చాలా జిమ్‌లలో అవి కిటికీ తలుపులు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంటాయి.