కుట్టని తేనెటీగ జిగురులో చెట్టు దాచిన మందు

హైదరాబాద్ పాతబస్తీ చుట్టూ ఒకప్పుడు రాతి ప్రహరీ, దర్వాజాలు ఉండేవి. వాటిలో పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలే నేటికి మిగిలాయి. ఇలాంటి పాత గోడల సందుల్లో, చెట్టు తొర్రల్లో ఇంటి ఈగకన్నా చిన్నవైన నల్లని తేనెటీగలు గూడు పెడతాయి. ఇవి కుట్టవు. సందు బయటికి జిగురుతో కట్టిన చిన్న గొట్టం కనబడితే అది వీటి వాకిలే. ఈ జిగురును ప్రొపోలిస్ అంటారు. గ్రీకు భాషలో 'నగరానికి ముందు' అని అర్థం. అంటే తేనెటీగల ఊరికి అదే దర్వాజా!

జిగురు ఎక్కడిది?

మానుకు గాటు పడితే జిగురు కారుతుంది. గాయంలోకి సూక్ష్మజీవులు చొరబడకుండా చెట్టు చేసుకునే కట్టు అది. ఈగ దాన్ని వెనుక కాళ్లకు అంటించుకుని తెచ్చి, తన మైనంతో కలిపి గూడు కడుతుంది. కాబట్టి మందు ఈగది కాదు, చెట్టుది. ఇండోనేసియా, వియత్నాం దేశాల్లో ఈ జిగురును పరీక్షిస్తే మామిడి చెట్టు పదార్థాలు బయటపడ్డాయి.

ఎలా పనిచేస్తుంది?

ఇందులోని ఫినాల్, టెర్పీన్ జాతి పదార్థాలు బాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. చీము గడ్డలు పుట్టించే స్టెఫిలోకాకస్ మీద బాగా పనిచేస్తాయి. బయట ఇంకో పొర ఉండే ఇ.కోలై వంటి వాటి మీద ప్రభావం తక్కువ. ఇవి ప్రయోగశాలలో తేలిన సంగతులు.

జాగ్రత్త!

మామిడి సొన తగిలితే ఒళ్లు పొక్కడం మీకు తెలిసిందే. అదే జాతి పదార్థం ఈ జిగురులోనూ ఉండవచ్చు. పచ్చి జిగురును పుండ్లకు, పశువుల గాయాలకు పూయకండి. డాక్టరుకు చూపించండి. చుట్టూ ఉన్న చెట్లను బట్టి జిగురు గుణం మారుతుంది గనుక ఒకచోటి జిగురు మరోచోటి దానిలా ఉండదు.

రైతులు చేయవలసింది

* తేనె కోసం గూడు పగలగొట్టకండి. దొరికేది కొద్దిపాటి తేనె, పోయేది ఈగల సంసారం. మామిడి, దోస పూలకు పరాగ సంపర్కం చేసే వాటిలో ఇవీ ఉన్నాయి.

* ఈ ఈగలు ఎక్కువ దూరం పోలేవు. గట్ల మీద వేప, మామిడి వంటి చెట్లను ఉంచండి. చెట్టు కొడితే జిగురూ పోయినట్లే.

* పూత మీద మందు కొట్టకండి. తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక, సాయంత్రం పొద్దుగూకే వేళ కొట్టండి.

* పాత గోడకు సిమెంటు పూసే ముందు సందుల్లో గొట్టం ఉందేమో చూడండి. ఉంటే ఆ వాకిలి మూయకండి.