రాజులకు లోబడని లెక్క

ప్రభవాది సంవత్సరముల పేర్లు బాల్యముననే వల్లించిన ఆంధ్రులకు, చీనాదేశమందును అరువదింటి చక్రమొకటి కలదని వినిన సంతోషము కలుగుట సహజము. కాని రెండును ఒక్కటే యని తలచుట తొందరపాటు. మన చక్రము బృహస్పతి గమనమునుబట్టి యేర్పడిన సంవత్సరముల లెక్క. చీనావారిది మొదట దినములకై పుట్టిన లెక్క. అది సాగుటకు ఆకాశమువంక చూడనక్కరలేదు.

దాని నిర్మాణము సులభము. ఆకాశకాండములని పది గుర్తులును, భూశాఖలని పండ్రెండు గుర్తులును గలవు. మొదటి దినము జియా-త్సు, రెండవది యీ-చౌ. పది కాండములును ముగియగనే మరల జియా వచ్చును. శాఖలలో నింకను రెండు మిగిలియుండును గావున పదునొకండవ దినము జియా-షూ అగును. రెండు చక్రములును ఒక్కసారిగా ఒక్కొక్క పన్ను కదలుచుండగా, అరువది దినములు నిండినగాని జియా-త్సు తిరిగి రాదు. ఎలుక, ఎద్దు, పులి మున్నగు జంతువుల పేర్లు ఈ శాఖలకు జోడింపబడినవే.

ఆన్‌యాంగ్ వద్ద త్రవ్వి తీసిన ఎముకలమీదను, తాబేటి చిప్పలమీదను మూడువేల యేండ్లకు పూర్వపు షాంగ్ రాజులు చెక్కించిన శకున ప్రశ్నలలో దినములకు ఈ పేర్లే యున్నవి. లూ రాజ్యపు చరిత్ర, చక్రములో ఆరవ పేరుగల దినమున సూర్యగ్రహణము పట్టెనని చెప్పుచున్నది. నేటి గణితము ఆ దినమును క్రీ.పూ. 720 ఫిబ్రవరి 22గా నిర్ణయించినది. నాటినుండి నేటివరకు ఈ దినగణనము తెగలేదు. సంవత్సరములకు దీనిని వాడుట హాన్ వంశకాలమున స్థిరపడినది.

మేము ముఖ్యముగా చెప్పదలచిన దిది. చీనాలో సంవత్సరమునకు చక్రవర్తి పెట్టిన శకనామము వ్రాయుట రాజభక్తికి గుర్తు. వంశము మారిన శకము మారును. క్రొత్త శకమును వ్రాసినవాడు క్రొత్త ప్రభువునకు తల వంచినట్లే. అరువదింటి చక్రము మాత్రము ఏ వంశపు సొత్తును కాదు. 420లో సుంగ్ వంశము సింహాసన మాక్రమించిన పిమ్మట, కవి తావ్ యువాన్‌మింగ్ తన రచనలకు శకనామము మాని చక్రనామమునే వేసెనని ఆ వంశపు చరిత్ర వ్రాసినది. ఇది అక్షరాలా సరికాదని తరువాతి పండితులు చూపిరి. అయినను కథ నిలిచినది. లొంగని మనసునకు లొంగని లెక్కయే తోడన్న మాట జనులకు నచ్చినది గదా!

ఆ జాతి తన గాయములను సైతము ఈ పేర్లతోనే జ్ఞాపకముంచుకొన్నది. 1894లో జపానుతో జరిగిన యుద్ధము జియా-వూ యుద్ధము. 1900 నాటి బాక్సర్ల కలహమునకై 1901లో పరరాజ్యములు విధించిన 45 కోట్ల తేలుల వెండి గెంగ్-త్సు పరిహారము. 1911లో చక్రవర్తిత్వమును కూల్చినది షిన్-హాయ్ విప్లవము. మరుసటి జనవరి 1న నూతన ప్రజాప్రభుత్వము సౌరమానమును స్వీకరించినది. అయినను పంచాంగములలో అరువది పేర్లు నేటికిని చెరగలేదు.

లోపములు లేకపోలేదు. పేరు చెప్పిన మాత్రమున ఏ యావృత్తమో తెలియదు. అంతకంటె పెద్ద లోపము లెక్క భయముగా మారుట. బింగ్-వూ సంవత్సరమున పుట్టిన ఆడుబిడ్డ భర్తకు కీడని జపానులో నొక మూఢవిశ్వాసము కలదు. 1965లో అచ్చట 18 లక్షలకు మించి శిశువులు జన్మింపగా, బింగ్-వూ అగు 1966లో ఆ సంఖ్య 13 లక్షల 60 వేలకు దిగినది. యంత్రములు చేసి ప్రపంచమున కమ్మిన దేశముననే ఇట్లు జరిగినది! 2026 కూడ బింగ్-వూయే.

రాజులు శాసింపలేని లెక్కను పుకారు శాసించుట విచారకరము. మూడువేల యేండ్లు ఒక్క దినమును జారవిడువక లెక్కించిన పూర్వులు మనుజునకు జ్ఞాపకశక్తినిచ్చిరి, సంకెల నీయలేదు. చక్రము తిరుగవలెను, మనము దానిక్రింద పడరాదు.