పాత చేతిఱంపముల కర్తృనిర్ణయము

కర్నూలు, కడప మండలములందలి వడ్రంగుల యిండ్లలో కానవచ్చు పాత చేతిఱంపములు రెండుజాతులుగా నున్నవి. ఊరి కమ్మరి కొలిమిలో పుట్టినవి కొన్ని. ఇంగ్లండులోని షెఫీల్డు, అమెరికాలోని ఫిలడెల్ఫియా మొదలగు పట్టణములలో చేయఁబడినవి కొన్ని. రెండవజాతివానిపై అక్షరము లుండును. మొదటివానిపై సాధారణముగా నేమియు నుండదు. అందుచేత అక్షరములుగల దానిని భద్రపఱచి, లేనిదానిని పాతయినుముక్రింద తూకమునకు వేయుట వాడుకయైనది. ఇది న్యాయము కాదు. పేరు లేనంతమాత్రమున కర్త లేకపోఁడు. పేరున్నంతమాత్రమున ఆ పేరుగలవాఁడే కర్త కానక్కఱలేదు.

మొదట పరీక్షింపవలసినవి కక్కులు. మనదేశపు ఱంపము లాగునపుడు కోయును గనుక దాని కక్కులు పిడివైపునకు వంగియుండును. పాశ్చాత్యఱంపము త్రోయునపుడు కోయును గనుక కక్కులు కొనవైపునకు వంగియుండును. అయిన నిదియొక్కటియే చాలదు. పరదేశపు ఱంపమును కొన్న వడ్రంగి తన చేతివాటమునకు తగినట్లు ఆకురాయితో కక్కులను తిరుగఁ దీర్చుకొనవచ్చును. అట్టియెడ రేకును చూడవలెను. కమ్మరి సాఁగఁగొట్టిన రేకునందు దళసరి యొకచోట నొకవిధముగా నుండును; సుత్తిదెబ్బల జాడలు కానవచ్చును; రేకుయొక్క సన్నని కొన పిడిలో దిగఁగొట్టఁబడియుండును. కర్మాగారపు రేకు సమముగా సాఁగి, వీఁపువైపున పలుచనై, పిడిని మరమేకులతో బిగించుటకు రంధ్రములు కలిగియుండును. కక్కులు మాఱినను రంధ్రములు మాఱవు.

ఇఁక అక్షరముల సంగతి. ఇవి మూఁడుచోట్ల నుండును: రేకుపై ముద్రగా కొట్టఁబడినవి, రేకుపై ఆమ్లముతో చెక్కఁబడినవి, పిడికి బిగించిన యిత్తడిబిళ్లమీఁదివి. వీనిలో ‘కాస్ట్ స్టీల్’ అనునది కర్తపేరు గాదు. మూసలో కరఁగించిన ఉక్కని మాత్రమే దాని యర్థము. షెఫీల్డులో ఆ పద్ధతిని పదునెనిమిదవ శతాబ్దిమధ్యమున బెంజమిన్ హంట్స్‌మన్ నెలకొల్పెను. తెలంగాణములోని కోనసముద్రపు కమ్మరులును మూసలలోనే ఉక్కును చేసిరి. ‘వారంటెడ్ సుపీరియర్’ అను బిళ్లయు నట్టిదే; అది సరకు మేలిదను హామీయే కాని యెవరి నామమును గాదు. ఒక కర్మాగారమున చేయఁబడిన ఱంపముపై వర్తకుని పేరు వేయించుటయు గలదు. తాళపత్రగ్రంథమున ఆశ్వాసాంతగద్యము కవిని చెప్పును. తుదనుండు వాక్యము వ్రాయసకానిని చెప్పును. ఒకరిని మఱియొకరిగా పొరపడినచో చరిత్ర తాఱుమాఱగును. ఱంపమునందును వర్తకుని, చేసినవానిని, పిడిపై తన యక్షరములు వేసికొన్న యజమానిని వేఱువేఱుగా గుర్తింపవలెను.

కర్తపేరు నిశ్చయముగా తెలిసినపుడు కాలమును తెలియవచ్చును. హెన్రీ డిస్టన్ 1840లో ఫిలడెల్ఫియాయందు ఱంపముల పని ప్రారంభించెను. 1865లో కుమారుఁడు చేరఁగా సంస్థ పేరు ‘డిస్టన్ అండ్ సన్’ అయ్యెను; 1871లో ‘అండ్ సన్స్’ అయ్యెను. బిళ్లపై ‘సన్’ అని యేకవచన మున్నచో ఆఱేండ్ల కాలము నిర్ణయమగుచున్నది. ఒక్క యక్షరమునకు ఇంత విలువ గలదు. కర్నూలు–కడప కాలువ 1863లో ఆరంభింపఁబడినది. తాతలు ఆ కాలువ త్రవ్వినపుడు దొరలవలన పొందిన ఱంపమని యొక కుటుంబమువారు చెప్పి, దానిపై ‘సన్స్’ అని యున్నచో, ఆ బిళ్ల కాలువ మొదటియేండ్లది కానేరదు. మద్రాసు రైలుమార్గము కడపమీఁదుగా రాయచూరు చేరినది 1871లోనే గనుక అది పిమ్మట వచ్చినదని యూహింపవచ్చును. అయినను పిడి మార్చుటకు వీలైనది. ఒక ఱంపపుబిళ్ల వేఱొక ఱంపమున కెక్కియుండవచ్చును. రేకును బిళ్లయు నేకవాక్యముగా చెప్పినప్పుడే సాక్ష్యము నిలుచును.

త్రుప్పుపట్టిన ఱంపమును తళతళలాడఁజేయవలెనను తొందర పనికిరాదు. ఆమ్లముతో చెక్కిన గుఱుతు మిక్కిలి లోఁతులేనిది. సానపట్టినచో నది శాశ్వతముగా పోవును. చదునైన కొయ్యముక్కకు మిక్కిలి సన్నని గరుకుకాగితము చుట్టి, నూనె వేసి మెల్లగా రుద్దినచో, ఉపరితలము తెల్లనై, పల్లమునందలి యక్షరములు నల్లగా నిలిచి కానవచ్చును.

అక్షరములేని ఱంపమునకు మార్గమేమి? ప్రతులను పోల్చుటయే. బ్రౌను దొర కడపలో పండితులచే ననేకప్రతులను పోల్పించి పాఠములను నిర్ణయింపఁజేసెను. అట్లే చుట్టుపట్ల గ్రామములలోని ఱంపములను ప్రక్కప్రక్కనుంచి, పిడిలో దిగు కొన యాకారమును, కక్కుల యెడమును, సుత్తిదెబ్బల వరుసను పోల్చినచో, ఒకే చేతిపని బయటపడవచ్చును. దానికి తోడు వృద్ధులైన వడ్రంగుల నోటిమాట కావలెను: ఏ యూరి కొలిమి, ఏ కమ్మరి, తుమ్మబండిచక్రములకా, నల్లమల టేకునకా, ఎవరికొఱకు చేసెను? షెఫీల్డువాని పేరు ఉక్కుపై నున్నది, ఎప్పుడైనను చదువవచ్చును. మన కమ్మరి పేరు కొందఱు వృద్ధుల జ్ఞాపకమునందు మాత్రమే యున్నది. కావున ముందుగా వ్రాసికొనవలసినది యిదియే.